గట్టిగా గుర్తుండటం వేరు, సరిగ్గా గుర్తుండటం వేరు

“ఆ రోజు నాకు నిన్ననే జరిగినట్టు గుర్తుంది” అని ఎవరైనా అంటే మనం మారుమాట లేకుండా నమ్మేస్తాం. ఎందుకు నమ్మం మరి, అప్పుడు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఫోన్ చేశారో, పక్కన ఎవరున్నారో అన్నీ తడబడకుండా చెప్తుంటే? వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అయినా ఆ చెప్పినదాంట్లో కొన్ని వివరాలు అసలు జరిగి ఉండకపోవచ్చు. వినడానికి కష్టంగా ఉన్నా, భావోద్వేగాలకీ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం అర్థం కావాలంటే ముందు ఒప్పుకోవాల్సింది దీన్నే.

1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కూలిక్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక సంగతి గమనించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య వార్త విన్న క్షణం గురించి అడిగితే, అన్నేళ్ల తర్వాత కూడా దాదాపు అందరూ ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో చెప్పగలుగుతున్నారు. గట్టి షాక్ తగిలిన క్షణాన్ని మెదడు ఫొటో తీసి దాచుకుంటుందేమో అనుకుని, వాటికి ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకాలు అని పేరు పెట్టారు. ఆ పేరు బాగా పాపులర్ అయింది. కానీ ఆ లెక్కలో ఒక పెద్ద లోపం ఉంది: జనం ధీమాగా చెప్పిన ఆ వివరాలు నిజమో కాదో పోల్చి చూడటానికి పాత రికార్డు ఏదీ లేదు.

అలాంటి రికార్డుని, ఇంకో సంఘటన విషయంలో, తయారు చేసినవాడు ఉల్రిక్ నైసర్ అనే సైకాలజిస్టు. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలై, అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు. మర్నాడే అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో నైసర్ తన విద్యార్థుల చేత ఒక ఫారం నింపించాడు, ఈ వార్త ఎలా తెలిసింది, అప్పుడు ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, టైమెంత అని. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అవే ప్రశ్నలు అడిగాడు. 11 మంది ఒక్కటంటే ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. మొత్తం 7 మార్కులకి సగటున 3 కూడా రాలేదు. ఒక అమ్మాయి మొదటిసారి క్లాసులో ఉండగా ఎవరో వచ్చి చెప్పుకుంటుంటే విన్నానని రాసింది, రెండోసారి మాత్రం హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో కలిసి టీవీలో చూశానని చెప్పింది, అదీ పూర్తి నమ్మకంతో. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది దీని తర్వాత జరిగినది. వాళ్లు స్వయంగా రాసిన పాత కాగితాలు తెచ్చి చూపిస్తే చేతిరాత తమదేనని ఒప్పుకున్నారు గానీ, అలా జరగలేదని, ఇప్పుడు చెప్పిందే నిజమని కొందరు వాదించారు. పాత జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు.

దీన్ని చూసి, ఎమోషన్ వస్తే జ్ఞాపకం పాడైపోతుందన్నమాట అని తేల్చేసుకుంటే అదీ తప్పే. భావోద్వేగం కలిగించిన సంఘటనలు మామూలు వాటికన్నా బాగా గుర్తుంటాయన్నది ఎన్నోసార్లు, ఎన్నో రకాలుగా రుజువైన విషయం. చిక్కు ఎక్కడుందంటే, ఈ “బాగా” అన్నదాంట్లో రెండు మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు లోపల, కణతల వైపు, అటొకటి ఇటొకటి అమిగ్డలా అనే చిన్న భాగాలుంటాయి. వాటిని ఆనుకునే హిప్పోక్యాంపస్ ఉంటుంది, ఎప్పుడు ఎక్కడ ఏం జరిగిందన్న జ్ఞాపకాలు ఏర్పడటానికి అది తప్పనిసరి. భయం వేసినా, పట్టరాని సంతోషం కలిగినా, నలుగురిలో సిగ్గుతో చచ్చిపోయినంత పనైనా అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. అడ్రినలిన్ రక్తంలోంచి నేరుగా మెదడులోకి వెళ్లలేదు, అది వేగస్ నాడిని ప్రేరేపిస్తే ఆ సంకేతం మెదడు కాండం దాకా వెళ్లి, అక్కడినుంచి అమిగ్డలాలో నార్‌అడ్రినలిన్ విడుదలయ్యేలా చేస్తుంది. కాసేపటికి పెరిగే కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్‌కి మాత్రం ఈ చుట్టుదారి అక్కర్లేదు, అది సరాసరి మెదడులోకి చేరుతుంది. ఇవన్నీ కలిసి అమిగ్డలాని ఉత్తేజపరిస్తే, అమిగ్డలా పక్కనున్న హిప్పోక్యాంపస్‌కి “ఇది ముఖ్యం, దీన్ని వదలొద్దు” అన్న కబురు పంపుతుంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జ్ఞాపకం అనేది జరిగిన క్షణంలోనే పూర్తిగా స్థిరపడదు, గంటలు పడుతుంది, కొంత పని నిద్రలో కూడా నడుస్తుంది. కాలిఫోర్నియాలో జేమ్స్ మెగా అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఎలుకల మీద చేసిన పని అంతా ఈ మధ్య సమయం గురించే. ఎలుక ఏదో నేర్చుకుంటుంది, నేర్చుకోవడం అయిపోయిన తర్వాత దానికి అడ్రినలిన్ లాంటి ఉత్తేజపరిచే మందు ఇస్తారు. అయినా మర్నాడు దాని జ్ఞాపకం బలంగా ఉంటుంది. అదే మందు బాగా ఆలస్యం చేసి ఇస్తే ఫలితం ఉండదు. అంటే సంఘటన తర్వాత ఒంట్లో కలిగే కలవరం కూడా ఆ సంఘటన ఎంతకాలం గుర్తుండాలో నిర్ణయిస్తోందన్నమాట. యాక్సిడెంట్ కళ్లారా చూసినవాళ్లు ఇంటికొచ్చాక కూడా గంటల తరబడి వణుకుతూనే ఉంటారు కదా, ఆ వణుకు తగ్గనంత సేపూ ఈ పని సాగుతూనే ఉంటుంది.

మనుషుల్లో ఇదే విషయాన్ని 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెగాల బృందం చాలా తేలికైన పద్ధతిలో చూపించింది. ఒక తల్లీ కొడుకూ బయటికి వెళ్లే కథని స్లైడ్లతో చూపించారు. ఒక గుంపుకి చెప్పిన కథలో మధ్యలో బాబుని కారు గుద్దుతుంది, ఇంకో గుంపుకి అవే బొమ్మలతో ఏ ప్రమాదమూ లేని కథ చెప్పారు. వారం తర్వాత అడిగితే, ప్రమాదం కథ విన్నవాళ్లకి సరిగ్గా ఆ ప్రమాదం ఉన్న భాగమే బాగా గుర్తుంది. కానీ కథకి ముందు ప్రొప్రనలాల్ వేసుకున్నవాళ్లకి ఆ అదనపు గుర్తు రాలేదు. ప్రొప్రనలాల్ అంటే బీపీకీ గుండెదడకీ డాక్టర్లు రాసే మందే, అడ్రినలిన్ పనిని అడ్డుకుంటుంది. మామూలు కథ మీద దాని ప్రభావం ఏమీ లేదు. అంటే మందు మొత్తం జ్ఞాపకశక్తిని తగ్గించలేదు, ఎమోషన్ వల్ల వచ్చే ఆ అదనపు పట్టుని మాత్రమే తీసేసింది.

అయితే అమిగ్డలా, హిప్పోక్యాంపస్ రెండూ ఒకే రకం జ్ఞాపకాన్ని దాచవు. ఇది 1911లోనే జెనీవాలో ఎడ్వార్డ్ క్లాపరేడ్ అనే డాక్టరు గమనించాడు. ఆయన దగ్గరున్న ఒక పేషెంటుకి కొత్త విషయాలేవీ గుర్తుండేవి కావు, రోజూ చూసే డాక్టరుని కూడా రోజూ కొత్తగా పరిచయం చేసుకునేది. ఒకరోజు ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమె చేతిని గుచ్చాడు. తర్వాత మళ్లీ చెయ్యి చాస్తే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది, ఎందుకో మాత్రం చెప్పలేకపోయింది. ఇప్పుడైతే ఇలాంటి ప్రయోగం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ 1995లో ఆంటొయిన్ బెషారా బృందం దీన్నే పద్ధతిగా పరీక్షించింది. రంగు బొమ్మలు చూపిస్తూ, ఒక రంగు వచ్చినప్పుడు పెద్ద హారన్ మోగించారు. అమిగ్డలా దెబ్బతిన్న మనిషి ఏ రంగుకి హారన్ మోగుతుందో చక్కగా చెప్పింది, కానీ ఆ రంగు చూసినా ఒంటికి చెమట పట్టలేదు. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్న మనిషికి ఆ రంగు చూడగానే చెమట పట్టింది, ఎందుకో తెలియలేదు. భయం ఒకచోట, భయానికి కారణమైన కథ ఇంకోచోట దాగి ఉంటాయి. ఏ కారణమూ కనపడకుండా ఒక వాసనకో చప్పుడుకో గుండె దడదడలాడే మనుషులని “ఊరికే భయపడుతున్నావు” అని కొట్టిపారేసేవాళ్లు ఈ ప్రయోగం గురించి తెలుసుకుంటే బావుంటుంది.

సరే, అమిగ్డలా ముఖ్యమైనదాని మీద గుర్తు పెడుతుంది. పుస్తకంలో ఒక వాక్యం కింద పెన్నుతో గీత గీస్తే మళ్లీ తెరిచినప్పుడు కళ్లు అక్కడికే పోతాయి, కానీ ఆ వాక్యంలో అచ్చుతప్పు ఉంటే గీత దాన్ని సరిచేయదు. పైగా ఆ గీత పేజీ మొత్తానికీ పడదు. టెన్షన్ పెరిగే కొద్దీ మన దృష్టి ఇరుకవుతుంది, మధ్యలో ఉన్నది అతుక్కుపోతుంది, చుట్టూ ఉన్నవి జారిపోతాయి. చేతిలో తుపాకీ ఉన్న దొంగని చూసినవాళ్ల కళ్లు తుపాకీ మీదే ఉంటాయని, మొహం సరిగ్గా గుర్తుపట్టలేరని ఎలిజబెత్ లాఫ్టస్ వాళ్లు 1987లో కళ్ల కదలికలు కొలిచి మరీ చూపించారు. బాధితులకి ఏది “మధ్యలో” ఉంటుందో బయటివాళ్లం మనం నిర్ణయించలేం. మనకి నేరస్థుడి మొహం ముఖ్యం, ఆ క్షణంలో బాధితురాలికి తలుపు ఎంత దూరంలో ఉందన్నది ముఖ్యం.

ఇక భయం మరీ హద్దు దాటితే ఆ మధ్యలోదీ మిగలదు. 2004లో వచ్చిన ఒక అధ్యయనం అమెరికా సైన్యంలో శత్రువుకి చిక్కితే ఎలా తట్టుకోవాలో నేర్పే శిక్షణలో జరిగింది. 500 మందికి పైగా సైనికులు, ఉత్తుత్తి బందీలుగా, నిద్రా తిండీ లేకుండా ఉండి, ఒక్కొక్కరు రెండు విచారణలు ఎదుర్కొన్నారు, ఒకటి శారీరకంగా కూడా బెదిరించేది, ఇంకోటి మామూలుగా సాగేది. రెండూ అరగంటకి పైగా, ఎదురెదురుగా నడిచినవే. తర్వాత మనుషులని వరసగా నిలబెట్టి విచారించింది ఎవరో చూపించమంటే, మామూలు విచారణ చేసినవాడిని దాదాపు 62 శాతం మంది గుర్తుపట్టారు, బెదిరించినవాడిని దాదాపు 30 శాతం మందే పట్టగలిగారు. వీళ్లు శిక్షణ పొందిన సైనికులు, ఆరోగ్యవంతులైన యువకులు. అలాంటప్పుడు దాడికి గురైన ఒక మామూలు మనిషి నేరస్థుడి మొహం చెప్పలేకపోతే, వరస తారుమారుగా చెప్తే, “అంత ఘోరం జరిగితే ఎలా మర్చిపోతావు” అని నిలదీయడం ఎంత అన్యాయమో ఆలోచించండి. నాకైతే ఈ విషయం మీద కోపమే వస్తుంది.

మళ్లీ నమ్మకం సంగతికి వద్దాం. 2001 సెప్టెంబర్ 11 దాడుల మర్నాడు డ్యూక్ యూనివర్సిటీలో జెనిఫర్ టలారికో, డేవిడ్ రూబిన్ 54 మంది విద్యార్థుల్ని రెండు జ్ఞాపకాలు రాయమన్నారు: దాడుల వార్త విన్న క్షణం ఒకటి, దానికి కొద్ది రోజుల ముందు జరిగిన ఏదో ఒక మామూలు సంగతి ఇంకొకటి. నైసర్ దగ్గర లేని తెలివైన ఏర్పాటు ఈ రెండోదే, ఎందుకంటే ఇప్పుడు దేనితో పోల్చాలో ఉంది. వారానికి కొందరినీ, 6 వారాలకి కొందరినీ, 32 వారాలకి మిగతావాళ్లనీ మళ్లీ అడిగితే రెండు జ్ఞాపకాలూ ఒకే వేగంతో చెడిపోయాయి. దాడుల జ్ఞాపకం ఏ మాత్రం ఎక్కువ నికరంగా లేదు. తేడా అంతా ఒకచోటే వచ్చింది: మామూలు సంగతి విషయంలో వాళ్ల నమ్మకం కూడా క్రమంగా తగ్గింది, దాడుల విషయంలో మాత్రం నమ్మకమూ కళ్ల ముందు కదిలే ఆ స్పష్టతా చెక్కుచెదరలేదు.

నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అసలు ముడి ఇక్కడే ఉంది. భావోద్వేగం జ్ఞాపకంలోని ముఖ్యమైన సంగతిని బతికిస్తుంది, సందేహం లేదు, దాడులు జరిగాయన్నది ఎవరూ మర్చిపోలేదు. కానీ దానికన్నా ఎక్కువగా “నాకు గుర్తుంది” అన్న అనుభూతికి బలాన్నిస్తుంది, చుట్టూ ఉన్న వివరాలకి అంత బలం ఇవ్వకుండానే. ఆ ఖాళీల్ని మనం టీవీలో చూసినదాంతోనూ, నలుగురూ చెప్పుకున్నదాంతోనూ, పోయినసారి మనమే చెప్పినదాంతోనూ నింపుకుంటాం. బాధ కలిగించిన సంఘటనల గురించి ఎక్కువసార్లు మాట్లాడుకుంటాం కాబట్టి ఈ నింపుడు వాటిలోనే ఎక్కువ. విలియం హర్స్ట్ బృందం అవే దాడుల గురించి పదేళ్ల పాటు జనాన్ని అడుగుతూ వచ్చి తేల్చినదేమిటంటే, మరపు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది, ఆ తర్వాత కథ దాదాపు స్థిరపడిపోతుంది. తప్పుతో స్థిరపడితే ఆ తప్పే మళ్లీ మళ్లీ చెప్తారు.

హర్స్ట్ బృందానికే ఇంకో సంగతి కూడా దొరికింది. ఎక్కడున్నాను, ఎవరు చెప్పారు లాంటి వివరాలకన్నా ఎక్కువగా జనం పొరపాటు పడ్డది, ఆ రోజు తమకి ఎలా అనిపించిందన్న ప్రశ్న దగ్గర! భావోద్వేగం వల్ల జ్ఞాపకం నిలిచింది గానీ ఆ భావోద్వేగమే సరిగ్గా గుర్తులేదు. 1992 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రాస్ పెరో జూలైలో హఠాత్తుగా పోటీ నుంచి తప్పుకున్నప్పుడు లిండా లెవిన్ అతని మద్దతుదారుల్ని ఏమనిపించిందని అడిగి రాసుకుంది, నవంబర్‌లో ఎన్నికలయ్యాక మళ్లీ అడిగింది. అతని మీద ఇప్పుడున్న అభిప్రాయానికి తగ్గట్టు అప్పటి కోపాన్నీ బాధనీ ఎక్కువో తక్కువో చేసి చెప్పారు. విడిపోయిన స్నేహితుల గురించో, గడిచిన పెళ్లి గురించో “నేను మొదటినుంచీ సంతోషంగా లేను” అని చెప్పే మనిషి, నిజాయితీగానే, ఈనాటి మనసుతో ఆనాటి రోజుల్ని చూస్తూ ఉండొచ్చు.

ఇంతవరకూ చెప్పింది ఎక్కువగా దాచుకోవడం గురించి. గుర్తు తెచ్చుకునేటప్పుడు మనసు ఎలా ఉందన్నది ఇంకో అధ్యాయం, అది క్లుప్తంగా చెప్తాను. దిగులుగా ఉన్నప్పుడు దిగులు సంగతులే ముందు గుర్తొస్తాయి, దీన్ని గోర్డన్ బవర్ 1981లో వివరంగా రాశాడు. డిప్రెషన్‌లో ఇది ఒక సుడిలా తయారవుతుంది, ఎందుకంటే దిగులు పాత దిగుళ్లని తెస్తుంది, అవి ఇప్పటి దిగుల్ని పెంచుతాయి. దానికి తోడు డిప్రెషన్‌లో ఉన్నవాళ్లని ఒక మంచి రోజు గురించి చెప్పమంటే ఫలానా రోజు ఫలానా చోట అని చెప్పలేక “చిన్నప్పుడు బావుండేది” లాంటి గుండుగుత్త మాట చెప్తారు. కాబట్టి “నీకు మంచి రోజులే లేవా, గుర్తు తెచ్చుకో” అని వాళ్లని మందలించడం వల్ల ఉపయోగం లేదు, వాళ్ల జబ్బు అడ్డుపడుతున్నదే సరిగ్గా ఆ పనికి. పరీక్ష హాల్లో చదివినదంతా మాయమైపోవడం కూడా ఈ కోవలోదే: నేర్చుకున్న తర్వాత జ్ఞాపకాన్ని గట్టిపరిచే ఆ కార్టిసాలే, గుర్తు తెచ్చుకునే సమయంలో పెరిగితే అడ్డుపడుతుంది. డొమినిక్ డి కెర్వాన్ బృందం 2000లో మనుషులకి, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిజోన్ మాత్ర ఇచ్చి ఇది చూపించింది. టెన్షన్ తగ్గాక, హాల్ బయటికి రాగానే జవాబు తన్నుకొస్తుంది, అంటే లోపల ఉన్నది ఎక్కడికీ పోలేదు.

మరి గాయంలా మిగిలిపోయిన జ్ఞాపకాల్ని మార్చగలమా? 2000లో కరీమ్ నాదర్, జోసెఫ్ లడూ ఎలుకల్లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి కనిపెట్టారు. స్థిరపడిపోయిన భయాన్ని కూడా మళ్లీ గుర్తుచేస్తే అది కాసేపు మెత్తబడుతుంది, ఆ సమయంలో అమిగ్డలాలో ప్రోటీన్ల తయారీని ఆపితే భయం మళ్లీ గట్టిపడదు. 2009లో మెరెల్ కింట్ మనుషులకి ఒక బొమ్మ చూపిస్తూ చిన్న షాక్ ఇచ్చి భయం అలవాటు చేసి, దాన్ని ప్రొప్రనలాల్‌తో తగ్గించడానికి ప్రయత్నిస్తే, ఆ బొమ్మ వచ్చినప్పుడు షాక్ తగులుతుందని వాళ్లకి తెలుసు, కానీ ఉలిక్కిపడటం పోయింది. కథ ఉంది, భయం లేదు. దీన్నే తిరిగి చేసి చూసినవాళ్లందరికీ ఇదే ఫలితం రాలేదు, కాబట్టి ఒక మాత్రతో చేదు జ్ఞాపకాలు చెరిపేస్తారన్న వార్తలు చదివి ఆశపడొద్దు. పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసుని వదలకుండా వేధించే జబ్బుకి, ఇప్పుడు బాగా పనిచేస్తున్నది, శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గర, భద్రంగా ఉన్నామన్న ధైర్యంతో, ఆ సంఘటనని కొంచెం కొంచెంగా ఎదుర్కొనే చికిత్సే.

ఇక ఈ తెలివిడి అన్నిటికన్నా అవసరమైనది పోలీసు విచారణలో, కోర్టులో. అమెరికాలో 2020 దాకా డీఎన్ఏ పరీక్షల వల్ల నిర్దోషులని తేలి జైలు నుంచి బయటపడ్డ 375 మంది కేసులు చూస్తే, దాదాపు 69 శాతం కేసుల్లో ప్రత్యక్ష సాక్షి ఎవరో వేరే మనిషిని గుర్తుపట్టడం ఒక కారణం. ఆ సాక్షులు ఎక్కువమంది అబద్ధాలకోరులు కారు, కోర్టుకి వచ్చేసరికి నిజంగానే నమ్మకంగా ఉన్నారు. జాన్ విక్స్‌టెడ్, గ్యారీ వెల్స్ 2017లో పాత పరిశోధనలన్నీ పరిశీలించి ఒక ఉపయోగపడే మాట చెప్పారు: గుర్తింపు పరేడ్ పద్ధతిగా జరిగితే, మొట్టమొదటిసారి సాక్షి ఎంత నమ్మకంగా చెప్పారన్నది బాగానే ఆధారపడదగ్గ విషయం, నెలల తర్వాత కోర్టులో చూపించే నమ్మకం కాదు. మధ్యలో పదిసార్లు అడిగిన ప్రశ్నలూ, “సరైనవాణ్ణే పట్టావు” అని ఎవరో అన్న ఒక్క మాటా ఆ నమ్మకాన్ని పెంచేసి ఉంటాయి. కాబట్టి సాక్షిని సంఘటన తర్వాత వీలైనంత త్వరగా అడగాలి, “ఎర్ర చొక్కా వేసుకున్నాడా” లాంటి జవాబు అందించే ప్రశ్నలు మాని “ఏం జరిగిందో చెప్పండి” అని వదిలేయాలి, పరేడ్ నడిపే అధికారికి నిందితుడెవరో తెలియకుండా చూడాలి, సాక్షి అన్న మాటల్ని “ఏమో, అనుకుంటా” అన్న సందేహంతో సహా అక్కడికక్కడే రికార్డు చేయాలి.